నిత్య విద్యార్థి

కొలను నీటికిని ఊటబావి నీటికిని భేదము కలదు. కొలనులోని నీరు వాడుకొన్నకొలది తరిగి, వేసవి వచ్చునప్పటికి అడుగంటును. ఊటబావిలోని నీరు తోడినకొలది ఊరుచు, తేటపడుచు ఉండును. ఉపాధ్యాయులలోను ఈ రెండు తెగలవారు కలరు. కళాశాలలో నేర్చినదానినే పదవీవిరమణ దినము వరకు తోడిపోయువారు కొందరు. దినదినము క్రొత్తదానిని నేర్చుకొనుచు, నేర్చినదానిని పిల్లలకు పంచిపెట్టువారు మరికొందరు.

తక్కిన విషయముల మాట ఎట్లున్నను, గణితము బోధించువానికి క్రొత్తగా నేర్చుకొనవలసినది ఏమున్నదని పలువురు తలంతురు. చరిత్రలో క్రొత్త సంఘటనలు చేరును. భూగోళమున దేశముల ఎల్లలు మారును. విజ్ఞానశాస్త్రమున ఏటేట క్రొత్త సంగతులు బయలుపడును. కాని రెండు రెండ్లు నాడును నాలుగే, నేడును నాలుగే. త్రిభుజముయొక్క మూడు కోణముల మొత్తము ఎన్నటికిని రెండు లంబకోణములే. అట్లయినచో లెక్కల ఉపాధ్యాయునకు మరల చదువుతో పనియేమి? ఈ ప్రశ్న సమంజసముగనే తోచును. కాని మహారాష్ట్రమున ఒక చిన్న పట్టణమున ముప్పది ఏండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పిన ఒక ఉపాధ్యాయుని జీవితమే దీనికి తగిన సమాధానము. ఆయన పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్.

కాప్రేకర్ 1905వ సంవత్సరము జనవరి 17వ తేదీన, బొంబాయికి ఉత్తరమున సముద్రతీరముననున్న దహాణు అను ఊరిలో జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయి, తండ్రి పెంపకమున పెరిగెను. తండ్రి గుమాస్తా. ఆయనకు జ్యోతిషమునందు మక్కువ మెండు. జాతకము వేయుటకు లోతైన గణితము అక్కరలేకున్నను, కూడికలును గుణకారములును తడబాటు లేక చేయగల నేర్పు కావలెను. అట్టి తండ్రి చెంత పెరిగిన బాలునకు అంకెలతో చెలిమి సహజముగనే అబ్బెను. ఠాణా పట్టణమున ఉన్నత పాఠశాలలో చదువుకొను దినములలో ఆయన చిక్కులెక్కలు విప్పుచు గంటలకొలది కాలము ఆనందముగ గడపుచుండెడివాడు.

పిమ్మట ఆయన పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో చేరెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణిత పరీక్షలో ఉన్నతశ్రేణిని పొందినవారిని ‘రాంగ్లరు’ లందురు. అట్టి గౌరవము పొందిన పరాంజపే పండితుని పేరిట, విద్యార్థులు స్వతంత్రముగ చేసిన గణిత కృషికి ఒక బహుమానము ఏర్పడియుండెను. 1927లో ఆ బహుమానము కాప్రేకరునకు లభించెను. 1929లో ఆయన పట్టభద్రుడయ్యెను. అంతకుమించి పెద్ద పరీక్షలకు చదువలేదు. నాసిక్ సమీపముననున్న దేవలాలిలో పాఠశాలోపాధ్యాయుడుగా చేరి, 1962లో పదవినుండి విరమించు వరకు ఆ వృత్తియందే నిలిచెను.

దేవలాలి సైనిక శిబిరమునకును మంచి గాలికిని పేరుపొందిన చిన్న పట్టణము. విశ్వవిద్యాలయము గాని, గణిత పండితుల గోష్ఠులు గాని అచట లేవు. ఉపాధ్యాయుని వేతనము స్వల్పము. ఇట్టి స్థితిలో ‘పై చదువునకు అవకాశము లేకపోయెను’ అని నిట్టూర్చి ఊరకుండుట సులభము. కాప్రేకర్ అట్లు ఊరకుండలేదు. తన చేతికందిన ప్రతి వస్తువును ఆయన పుస్తకముగ చేసికొనెను. పుస్తకములును పత్రికలును సరేసరి. రైలుస్టేషను సయితము ఆయనకు పాఠము చెప్పెను.

ఆ రైలుస్టేషను కథ వినదగినది. బొంబాయినుండి సుమారు 30 మైళ్ల దూరమున, నేడు డోంబివలి అని పిలువబడు స్టేషను కలదు. కాప్రేకర్ దానిని డెమ్లో అని వ్యవహరించెను. ఒక జాతి సంఖ్యలను పరిశీలింపవలెనను ఆలోచన ఆయనకు అచటనే తట్టెను. అందుచే ఆ సంఖ్యలకు ‘డెమ్లో సంఖ్యలు’ అని పేరు పెట్టెను. బండి కొరకు వేచియుండు సమయము పలువురకు వృథాకాలము. దేవలాలి ఉపాధ్యాయునకు అదియే అధ్యయనకాలము.

ఆ జాతిలో మిక్కిలి సొగసైనవానిని ఎనిమిదవ తరగతి విద్యార్థి సులభముగ కనుగొనగలడు. 11ను 11చే గుణించిన 121 వచ్చును. 111ను 111చే గుణించిన 12321 వచ్చును. 1111ను 1111చే గుణించిన 1234321 వచ్చును. అంకెలు మెట్లెక్కి, శిఖరమును చేరి, మరల మెట్లు దిగివచ్చుచున్నట్లు కానవచ్చును. ఇందలి రహస్యమేమి? 111ను 111చే గుణించు విధమును పలకపై వ్రాసి చూడుడు. ఒకే వరుస మూడుమార్లు, ఒక్కొక్క స్థానము ఎడమకు జరిగి పడును. నిలువుగ కూడినపుడు మొదట ఒక ఒకటి, పిదప రెండు ఒకట్లు, పిదప మూడు, మరల రెండు, తుదకు ఒకటి. ఇదియే ఆ మెట్ల మర్మము. తొమ్మిది ఒకట్ల వరకు ఈ అందము చెడదు. 12345678987654321 వరకు మెట్లు నిలుచును. పది ఒకట్లు వచ్చినపుడు నడుమ పది చేరి, ఎడమ స్థానమునకు ఒకటి ఎగబ్రాకవలసివచ్చును. అప్పుడు మెట్లు విరిగిపోవును. అందము ఎందులకు కలిగినదో, ఎచట చెడినదో తెలిసికొనుటయే గణితము.

ఇట్టి సంఖ్యలయందు ముచ్చట మన దేశమునకు క్రొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట రాజగు అమోఘవర్షుని కాలమున వెలసిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున, ఒకటి మొదలుకొని ఆరు వరకు పెరిగి మరల క్రమముగ తరుగు సంఖ్యను వర్ణించెను. అది 12345654321, ఆరు ఒకట్ల సంఖ్యను దానిచేతనే గుణింపగ వచ్చునది. ఎటునుండి చదివినను ఒకే తీరుననుండు సంఖ్యలను ఆయన కంఠహారములతో పోల్చెను. ఆ గ్రంథమునే పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. శతాబ్దముల తరువాత దేవలాలి ఉపాధ్యాయుడు రైలుస్టేషనులో చూచినది ఈ హారములనే.

కాప్రేకర్ పేరును లోకమున నిలిపినది మరియొక సంఖ్య. అది 6174. దీని మహిమను ఆయన 1949లో మదరాసున జరిగిన గణిత సమావేశమున వెల్లడించెను. ఏదైన నాలుగంకెల సంఖ్యను తీసికొనుడు. నాలుగంకెలును ఒక్కటిగ నుండరాదు, అదియొక్కటే నియమము. ఆ అంకెలను పెద్దదానినుండి చిన్నదానికి ఒకసారి, చిన్నదానినుండి పెద్దదానికి ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యనుండి చిన్న సంఖ్యను తీసివేయుడు. వచ్చినదానిని మరల అట్లే చేయుడు. నడుమ మూడంకెలే మిగిలినచో ముందు సున్న చేర్చి నాలుగంకెలుగ భావింపవలెను.

ఉదాహరణమునకు 3524ను తీసికొందము. 5432నుండి 2345 తీసివేయగ 3087. పిదప 8730నుండి 0378 తీసివేయగ 8352. పిదప 8532నుండి 2358 తీసివేయగ 6174. ఇక ముందునకు సాగినను ప్రయోజనము లేదు. 7641నుండి 1467 తీసివేసిన మరల 6174యే వచ్చును. ఈ సంఖ్య మూడు అడుగులలో గమ్యము చేరినది. కాప్రేకర్ దీనిని వెల్లడించిన 1949వ సంవత్సరమునే తీసికొన్నచో ప్రయాణము కొంత దీర్ఘమగును. 9941నుండి 1499 పోగ 8442, దానినుండి 5994, దానినుండి 5355, దానినుండి 1998, దానినుండి 8082, దానినుండి 8532, దానినుండి 6174. మొత్తము ఏడు అడుగులు. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు అడుగులకు మించి పట్టదు. నదులన్నియు సముద్రమున చేరినట్లు నాలుగంకెల సంఖ్యలన్నియు 6174లో చేరును.

ఈ ఆటవలన పాఠశాలకు కలుగు లాభము గమనింపదగినది. పది తీసివేతలు చేసికొని రమ్మని ఉపాధ్యాయుడు ఆజ్ఞాపించినచో విద్యార్థులు విసుగుకొందురు. 6174 కథ చెప్పి, అది అబద్ధమని ఎవరైన నిరూపింపగలరా యని అడిగినచో వారే ఇరువది తీసివేతలు చేయుదురు. అంతటితో ఆగరు. నడుమ వచ్చు సంఖ్యలన్నియు 9చే నిశ్శేషముగ భాగింపబడుచున్నవి; అది ఏల యని చురుకైన విద్యార్థి అడుగును. ఏ సంఖ్యనైనను 9చే భాగించిన వచ్చు శేషమే, దాని అంకెల మొత్తమును 9చే భాగించినపుడును వచ్చును. అంకెల క్రమము మారినను వాని మొత్తము మారదు. కావున పెద్ద సంఖ్యకును చిన్న సంఖ్యకును శేష మొక్కటే. ఒకదానినుండి ఒకటి తీసివేయగ ఆ శేషము తొలగిపోవును. ఆటగ మొదలైనది ఈ విధముగ ఉపపత్తితో ముగియును.

మరియొక జాతి సంఖ్యలు నేడు ‘కాప్రేకర్ సంఖ్యలు’ అను పేరనే ప్రసిద్ధములు. వీని పూర్వకథ ఒక పత్రికా రచయితతో ముడిపడియున్నది. ఇంగ్లండున హెన్రీ డ్యూడెనీ అను ఆయన చిన్నతనముననే గుమాస్తా కొలువున చేరి, స్వయంకృషిచే గణితము నేర్చి, పత్రికలకు చిక్కులెక్కలు వ్రాయుచుండెను. ఆయన 1917లో ప్రకటించిన వినోదగణిత గ్రంథమున చిరిగిన చీటీ లెక్క ఒకటి కలదు. 3025 అను సంఖ్య గల చీటీ నడిమికి చిరిగి, ఒక ముక్కపై 30, రెండవ ముక్కపై 25 మిగిలినవి. ఆ రెంటిని కూడిన 55. 55ను 55చే గుణించిన మరల 3025. చిరిగినదానిని కూడి వర్గము చేసిన, చిరుగని చీటీ తిరిగివచ్చినది! నాలుగంకెలును వేరువేరుగనుండు ఇట్టి సంఖ్య మరియొకటి కనుగొనుమని డ్యూడెనీ పాఠకులను అడిగెను. దానికి సమాధానము 9801. 98ని 1ని కూడిన 99, 99యొక్క వర్గము 9801.

చిరిగిన చీటీలో దాగియున్న ఈ వింతను కాప్రేకర్ ఒక జాతి సంఖ్యల లక్షణముగ పరిశీలించెను. 9యొక్క వర్గము 81. 8ని 1ని కూడిన 9. 45యొక్క వర్గము 2025. 20ని 25ని కూడిన 45. 297యొక్క వర్గము 88209. 88ని 209ని కూడిన 297. 703యొక్క వర్గము 494209. 494ను 209ని కూడిన 703. పత్రికలలో ఒకనాటి వినోదముగ ముగియదగినది అధ్యయన విషయముగ మారినది. చదివి నవ్వి విడుచుటకును, చదివి ప్రశ్నించుటకును గల భేదమిదియే.

1962లో పదవి ముగిసినను కాప్రేకర్ చదువు ముగియలేదు. ఆ మరుసటి సంవత్సరమున, అనగా 1963లో, ఆయన ఇంకొక ప్రశ్నను ముందుంచెను. ఒక సంఖ్యకు దాని అంకెలను కూడిన మరియొక సంఖ్య పుట్టును. 15కు 1ని 5ను కూడిన 21. కావున 21కి తల్లి 15. మరి 20కి తల్లి ఏది? ఎంత వెదకినను దొరకదు. ఏ సంఖ్యకు అంకెలు కూడినను 20 రాదు. అట్టివానిని స్వయంభూ సంఖ్యలనవచ్చును. నూరులోపల అవి 1, 3, 5, 7, 9, 20, 31, 42, 53, 64, 75, 86, 97 మాత్రమే. తొమ్మిది దాటిన పిదప ఇవి పదునొకటేసి ఎడముతో వరుసగ నిలుచుట విద్యార్థులు గమనింపవచ్చును. ఆయన ఈ సంఖ్యలకు తన ఊరి పేరనే ‘దేవలాలి సంఖ్యలు’ అని పేరు పెట్టెను.

తన అంకెల మొత్తముచే నిశ్శేషముగ భాగింపబడు సంఖ్యలకు ఆయన ‘హర్షద’ సంఖ్యలని సంస్కృతమున పేరిడెను. హర్షమును ఇచ్చునవి అని దాని అర్థము. 18లో అంకెల మొత్తము 9. 18ని 9 భాగించును. రామానుజన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన 1729లో అంకెల మొత్తము 19. 19ని 91చే గుణించిన 1729. కావున అదియు హర్షద సంఖ్యయే.

ఇంతటి కృషికి ఆయనకు వెంటనే సన్మానము లభించెనని తలంపరాదు. మన దేశమున గణిత పండితులు పలువురు ఆయన కృషిని అల్పమని ఎంచి నవ్విరి. పెద్ద పత్రికలలో ఆయన వ్రాతలకు చోటు దొరకుట అరుదు. చిన్న పత్రికలలోను, స్వయముగ అచ్చువేయించుకొన్న చిన్న పుస్తకములలోను ఆయన తన ఫలితములను ప్రకటించెను. అట్లని ఆయనను ఆదరించినవారు లేకపోలేదు. కళాశాలలవారు ఆహ్వానింపగ పోయి, సంఖ్యల వింతలను గూర్చి ప్రసంగించుచుండెను.

నవ్వినవారి మాటయందును కొంత నిజము కలదు, దానిని దాచరాదు. రామానుజన్ ప్రతిభను లోకమునకు చాటిన హార్డీ, 1940లో వెలువడిన తన గ్రంథమున ఇట్టి వింతలను గూర్చియే వ్రాసెను. 2178ని 4చే గుణించిన 8712 వచ్చును; 1089ని 9చే గుణించిన 9801 వచ్చును. గుణింపగనే అంకెలు తలక్రిందులగును. నాలుగంకెల సంఖ్యలలో తన తలక్రిందు రూపమునకు ఇట్లు గుణిజములైనవి ఈ రెండే. ఇవి పత్రికల చిక్కులెక్కలకు తగినవే కాని, గణితవేత్తను ఆకర్షింపజాలవని ఆయన అభిప్రాయము. ఈ గుణములలో పెక్కు సంఖ్యయొక్క స్వభావమునకు చెందినవి కావు. మనము పదింటిని ఆధారముగ గొని సంఖ్యలు వ్రాయు పద్ధతికి చెందినవి. ఎనిమిదింటిని ఆధారముగ గొని వ్రాసినచో 6174కు ఈ విశేషము ఉండదు.

హార్డీ తీర్పు పరిశోధకుని తీర్పు. ఉపాధ్యాయుని త్రాసు వేరు. ఒక విషయము గణితశాస్త్రమును ఎంతదూరము నడిపించునని పరిశోధకుడు అడుగును. అది ఒక బాలుని గణితమువైపు ఎంతదూరము నడిపించునని ఉపాధ్యాయుడు అడుగును. నలుబదిమంది పిల్లలున్న తరగతిలో, కూడికయు తీసివేతయు మాత్రమే తెలిసిన బాలుడు కూడ తానే పరీక్షించి, తానే సందేహించి, తానే కనుగొనదగిన విషయములు ఎన్ని కలవు? అట్టివానిని కూర్చుట చిన్నపని కాదు. ఆ పనిని ఎగతాళికి వెఱవక, లాభమునకు ఆశపడక, ఒక మనుష్యుడు జీవితాంతము చేసెను.

1966లో ఆయన భార్య మరణించెను. ఉపకారవేతనము జీవనమునకు చాలకపోయెను. వృద్ధాప్యమున ఆయన గణితమును విజ్ఞానశాస్త్రమును ఇండ్లలో బోధించి కాలము గడపవలసివచ్చెను. ఇట్టి దినములలోనే దూరదేశమునుండి గుర్తింపు వచ్చెను. అమెరికాలో వెలువడు ‘సైంటిఫిక్ అమెరికన్’ అను మాసపత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ అను రచయిత 1957నుండి సుమారు పాతికేండ్లు గణిత వినోదములను గూర్చి వ్యాసములు వ్రాసెను. 1975 మార్చి సంచికలో ఆయన కాప్రేకర్ కృషిని వర్ణించెను. దానితో దేవలాలి ఉపాధ్యాయుని పేరు దేశదేశముల గణితప్రియులకు పరిచితమయ్యెను. ఆయన చూపిన సంఖ్యలను గూర్చి గణితవేత్తలు పరిశోధన వ్యాసములు వ్రాయసాగిరి. కాప్రేకర్ 1986లో మరణించెను.

గార్డ్‌నర్ కథయందును ఒక నీతి కలదు. ఆయన కళాశాలలో చదివినది తత్త్వశాస్త్రము. ఉన్నత పాఠశాల దాటిన పిదప గణితమును తరగతిలో అభ్యసింపలేదు. ప్రతి మాసమును పాఠకులకు చెప్పవలసినదానిని ముందు తాను నేర్చుకొని, తనకు బోధపడిన పిమ్మట వ్రాసెను. అందుచే ఎచట పాఠకునకు సందేహము కలుగునో ఆయనకు ముందుగనే తెలిసెడిది. క్రొత్తగా నేర్చుకొన్నవానికి నేర్చుకొనువాని కష్టము తెలియును. నేర్చుట మానివేసినవాడు ఆ కష్టమును మరచును. మరచినవానికి పిల్లల తప్పులు మందబుద్ధివలెనే కనిపించును. గణితము మారకున్నను గణితోపాధ్యాయుడు నిత్యము నేర్చుచుండవలెననుటకు ఇది ముఖ్య కారణము.

ఉపాధ్యాయులందరును క్రొత్త సంఖ్యలను కనుగొనవలెనని ఎవరును కోరరు. కాని ప్రతి ఉదయమును ఇంటికి వచ్చు వార్తాపత్రిక ఒక గణిత గ్రంథమే. పట్టణమున 40 మిల్లీమీటర్ల వర్షము కురిసెనని అందుండును. అనగ ఎంత నీరు? ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వర్షము సరిగ ఒక లీటరగును. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల ఇంటికప్పుపై ఆ దినమున 2000 లీటర్ల నీరు పడినదన్నమాట. ఆ లెక్క వేసిన విద్యార్థికి ఘనపరిమాణముతోబాటు వాననీటి విలువయు తెలియును.

అదే పత్రికలో బట్టల దుకాణపు ప్రకటన కనిపించును. 100 రూపాయల వస్తువుపై ధర 20 శాతము పెంచి, పిదప పండుగ పేరిట 20 శాతము తగ్గించినచో మొదటి ధర వచ్చునా? పెంచగ 120, అందులో 20 శాతము 24, తగ్గింపగ 96. శాతము దేనిమీద లెక్కింపబడుచున్నదో చూడనివాడు మోసపోవును. ఆటల పుటలో ఇద్దరు క్రికెట్ ఆటగాండ్రకును సగటు 40 పరుగులని ఉండవచ్చును. ఒకడు అయిదు ఆటలలోను 40 చొప్పున కొట్టినవాడు. రెండవవాడు నాలుగు ఆటలలో సున్న, అయిదవ ఆటలో 200 కొట్టినవాడు. సగటు నిజమును చెప్పును గాని నిజమునంతటిని చెప్పదు. ఈ మాటలు బోధించుటకు ముందు ఉపాధ్యాయుడు పత్రికను గణితజ్ఞుని కంటితో చదువ నేర్చుకొనవలెను.

పుస్తకములు ఆ కంటికి వెలుగునిచ్చును. హంగరీ దేశమున జన్మించి అమెరికాలో బోధించిన జార్జి పోల్యా 1945లో లెక్కలు సాధించు విధమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ప్రశ్నను గ్రహించుట, ఉపాయము నాలోచించుట, దానిని నెరవేర్చుట, చేసినదానిని వెనుకకు తిరిగి చూచుట అని ఆయన నాలుగు మెట్లు చెప్పెను. మొదటి మూడును పరీక్షకు సరిపోవును. నాల్గవది లేక విద్య పండదు. సమాధానము వచ్చిన పిదప, మరియొక మార్గమున్నదా, ఈ ఉపాయము ఇంకెచటనైన పనికివచ్చునా యని అడుగుటయే వెనుకకు తిరిగి చూచుట. కాప్రేకర్ జీవితమంతయు ఈ నాల్గవ మెట్టుమీద నిలిచినదే.

రెండు రెండ్లు నాలుగనుట మారదు. దానిని చెప్పువాడు మారును, వినువాడు మారును. ప్రతి సంవత్సరమును క్రొత్త పిల్లలు తరగతిలోనికి వత్తురు; వారి యెదుట పాతబడిన ఉత్సాహము చెల్లదు. విద్యార్థులు కూడ ఈ మాటను తమకు అన్వయించుకొనవలెను. మూడంకెల సంఖ్యలతో కాప్రేకర్ ఆట ఆడినచో ఒక గమ్యము కలదు. అది ఏదియో 352తో మొదలిడి కనుగొనవచ్చును. అయిదంకెల సంఖ్యలకు మాత్రము అట్టి ఏకైక గమ్యము లేదు. అవి కొన్ని సంఖ్యల నడుమ గానుగెద్దువలె తిరుగుచుండును. ఏ సంఖ్యల నడుమ తిరుగునో, ఎంతసేపటికి తిరిగివచ్చునో తెలిసికొనుటకు పరికరము లక్కరలేదు, ధన మక్కరలేదు. ఒక కాగితమును, ఒక పెన్సిలును, కొంత ఓపికయు చాలును. దేవలాలి ఉపాధ్యాయునకు ఉన్న సాధనములును ఇవియే.